ఆఖరి సంచికకు అట్టబొమ్మ

నా చిన్నప్పుడు మా ఊరు మానేటి ఒడ్డున ఉండేది. ఇప్పుడు లేదు. నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికే, డ్యాం కడితే మా ఊరు మునుగుతుందని అందరికీ తెలిసిపోయింది. సర్కారు మనుషులు వచ్చి ఇళ్ల గోడల మీద నంబర్లు కూడా వేసి పోయారు. అయినా పెద్దవాళ్లెవరూ పిల్లల ముందు ఆ మాట ఎత్తేవారు కాదు. ఎప్పుడడిగినా మా బాపు, "ఏం గాదు బిడ్డా, నువ్వు సదువుకో పో" అనేవాడు. ఆ మాట పట్టుకునే నేను నిద్రపోయేదాన్ని.

అంతవరకు మా బడి పత్రికను చేత్తో రాసి గోడకు అంటించేవాళ్లం. ఆ ఏడు దాన్ని కరీంనగర్‌లో అచ్చు వేయించాలని మా తెలుగు సారు పట్టుబట్టారు. వచ్చే ఏడు బడి ఉండదు కాబట్టి అదే ఆఖరి సంచిక. సారు ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు. బడిలో పద్యం అందుకుంటే మాత్రం, దారిన పోయేవాళ్లు కూడా కిటికీ దగ్గర ఆగి వినేవారు. అట్ట మీద ఒక్క ఫొటోకే చోటుందని, అదేదో పిల్లలే తేల్చాలని చెప్పి, ఆ పని నాకూ నా పక్కన కూర్చునే కుమ్మరోళ్ల పిల్లకూ అప్పగించారు.

పట్నం నుంచి ఒకాయన వచ్చి ఫొటోలు తీసి పంపించాడు. బడి వదిలాక వాటిని బెంచీ మీద పరుచుకున్నాం. చివరికి రెండు మిగిలాయి. ఒకదానిలో నూనె రాసి దువ్విన తలలతో అందరం హెడ్మాస్టరు కుర్చీ చుట్టూ నిలబడి నవ్వుతున్నాం. ఫొటో తీసేటాయన నవ్వమంటే నవ్విన నవ్వులవి. రెండోది మేమింకా సర్దుకోకముందే తీసినది. అందులో ఒక చిన్నపిల్ల ఏడుస్తోంది. కుమ్మరోళ్ల పిల్ల ఎటో చూస్తోంది. నేను తల తిప్పి వెనక మా ఇంటి వైపు చూస్తున్నాను. ఇంటి కప్పు మీద మా బాపు గూనపెంకులు దించుతున్నాడు. సగం కప్పు అప్పటికే బోసిగా ఉంది.

అందరం నవ్వుతున్న ఫొటోనే కావాలన్నాను నేను. ఇంత ముచ్చటైన పిల్లల్ని, ఇంత మంచి బడిని చూస్తే ఎవరికైనా జాలి కలగదా అని నా ఆశ.

"సార్, గీ బుక్కు కలెక్టర్ సారుకు పంపిస్తే డ్యాం ఆపుతరు గదా?" అని బల్ల దగ్గరున్న సారును అడిగాను.

సారు వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. "ఆగదు బిడ్డా. ఎవలు చూసినా ఆగదు. నీళ్లొస్తయి, ఊరు పోతది" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఊరుకోమని ఆయన అనలేదు. ఏడ్చినంతసేపూ అక్కడే కూర్చున్నారు. కుమ్మరోళ్ల పిల్లకు మాత్రం కోపమొచ్చింది. "మరి గీ పత్రిక దేనికి సార్?" అంది.

"నాకూ సక్కగ తెల్వదు. గని గీ నవ్వే ఫొటో పెడితే మనం ఖుషీగ పోయినమనుకుంటరు. గట్ల పోతలేం గదా."

మేం రెండో ఫొటో తీసి ఆయన చేతికిచ్చాం.

పత్రిక అచ్చై వచ్చేసరికి ఊళ్లో సగం ఇళ్లు ఖాళీ అయ్యాయి. అట్ట మీద అందరం నవ్వుతున్నాం. హెడ్మాస్టరు ప్రెస్సుకు మనిషిని పంపి ఫొటో మార్పించారట. తెలుగు సారు మా ఇద్దరినీ పిలిచి, "నాతోని గాలే. మాఫ్ చేయుండ్రి" అన్నారు. ఒక పెద్దమనిషి పిల్లల్ని మాఫీ అడగడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ వానాకాలమే ఊరు మునిగింది. సారుకు ఖానాపూర్ వైపు బదిలీ అయిందని విన్నాను. కుమ్మరోళ్లు ఎటు పోయారో తెలియదు. సర్కారు మాకిచ్చిన కొత్త కాలనీలో ఆ పత్రిక చూసినవాళ్లు, మేం అక్కడ ఎంత సంతోషంగా ఉండేవాళ్లమో అనేవారు. దాంతో నేను పత్రికను ఎవరికీ చూపించడం మానేశాను.

సారు మాటతో ఏదీ ఆగలేదు, ఏదీ దక్కలేదు. కానీ మునిగిపోయే ఊళ్లో నాకు నిజం చెప్పి, నా పక్కన కూర్చున్న మనిషి ఆయనొక్కరే.

మొన్నటేడు మా ఇంటాయన ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు, చూడవచ్చిన వాళ్లంతా నయమైపోతుందని చెప్పి వెళ్లేవారు. ఒక మధ్యాహ్నం అందరూ పోయాక ఆయన నన్నడిగాడు, "నిజం జెప్పు, నాకు తక్కువైతదా?"

"కాదు" అన్నాను.

ఆయన కొంచెం పక్కకు జరిగి, "మరి జర గిట్ల వచ్చి కూసో" అన్నాడు. వెళ్లి కూర్చున్నాను.