మా కాలనీలో జొన్నరొట్టె తినడం

నరసరావుపేట బయట, వినుకొండ రోడ్డు దిగి లోపలికి వస్తే మా కాలనీ. మేము ఇల్లు కట్టుకున్న కొత్తలో చుట్టూ పత్తి చేలే ఉండేవి. ఇప్పుడు చేలు పోయి తోపుడు బండ్లు వచ్చాయి. పొద్దు వాలేసరికి రోడ్డు మలుపు నుంచి నీళ్ళ ట్యాంకు దాకా వరసగా పొయ్యిలు వెలుగుతాయి. ఏ బండిలో నూనె మార్చారో, ఏ బండిలో నిన్నటిదే కాగుతోందో ఇంట్లో కూర్చునే వాసన పట్టి చెప్పగలను. అంతగా ఈ రోడ్డు నాకు అలవాటైంది మా ఆయనకు వచ్చిన షుగరు వల్లే.

డాక్టరు ఆయన్ని రోజూ సాయంత్రం నడవమన్నాడు. ఆయన నడవడం మొదలుపెట్టాడు, షుగరు మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చూద్దామని ఒకరోజు నేనూ వెంట బయలుదేరాను. మలుపు తిరగ్గానే మిరపకాయ బజ్జీల బండి. ఆయన కాళ్ళు అక్కడ వాటంతట అవే ఆగాయి.

"బాబాయ్, ఇయ్యాల రెండేనా, మూడా?" అన్నాడు బజ్జీలతను, నన్ను చూడకుండా.

"ఏందయ్యా ఇది?" అన్నాను.

"నడిచొచ్చినోడికి కాస్త ఆసరా ఉండొద్దటే?" అన్నాడు మా ఆయన.

ఆ బజ్జీని తప్పుపట్టడానికి నాకూ నోరు రాలేదు. కాయను చీల్చి, గింజ తీసి, వాము, చింతపండు నూరిన ముద్ద కూరతాడు. కొరికితే ముందు పులుపు తగులుతుంది, కారం తర్వాత తీరిగ్గా వస్తుంది. దాని పక్కనే పునుగులావిడ. ఆమె పిండి కంటే అల్లం పచ్చడి బాగుంటుంది. పచ్చడి కోసమే పునుగులు కొనేవాళ్ళు ఉన్నారు. ఆ తర్వాత నూడుల్స్ బండి. గరిటెతో మూకుడును ఎందుకంత గట్టిగా కొడతాడో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, ఆ మోతకే పిల్లలు ఇళ్ళలోంచి పరిగెత్తుకొస్తారు. అది దాటితే సాయిబు గారి చికెన్ పకోడీ. ఆయన కరివేపాకును చివర్లో, మంట ఆపేశాక వేస్తాడు. అది చూసి వచ్చాక నేనూ ఇంట్లో అలాగే వేస్తున్నాను.

మా ఆయన లారీలు తిప్పిన మనిషి. ముందు డ్రైవరు, తర్వాత ఓనరు. షుగరు సంగతి ఇంటి గడప దాటనివ్వలేదు. "తెలిస్తే పెద్దాయన పనైపోయిందంటారే. కిరాయిలు మాట్లాడేటప్పుడు కూడా ఎదురుగా కూర్చుని మొహంలోకి చూస్తారు, ఎన్నాళ్ళుంటాడా అని" అనేవాడు. మాత్రలు కూడా బజారులో కొనకుండా గుంటూరు నుంచి తెప్పించుకునేవాడు.

బండ్ల వరస చివర, నీళ్ళ ట్యాంకు దగ్గర, ఎవరూ నిలబడని బండి ఒకటి ఉండేది. జొన్నరొట్టెల బండి. ఒక నడివయసు ఆడమనిషి రొట్టెలు తట్టేది. ఆమె భర్త గాలికి ఎదురుగా, పొగ తగలకుండా కూర్చుని వెల్లుల్లి ఒలిచేవాడు, మధ్యమధ్యలో దగ్గేవాడు. నేను జొన్నరొట్టె తిని పెరిగినదాన్ని. గురజాల పక్కన మా పుట్టింట్లో వరన్నం పండగనాడు వండేవాళ్ళు. ఆ టపటప చప్పుడు చెవిన పడి దగ్గరికి పోయాను. మరిగిన నీళ్ళు పోసి కలిపిన పిండి, అంచు పగలకుండా తట్టిన రొట్టె, పైన తడిగుడ్డ రాసిన తీరు, అంతా సరిగ్గా ఉంది. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పెట్టి ఇచ్చింది. మా అమ్మ చేతి రొట్టె అంత మెత్తగా ఉందని అక్కడే చెప్పాను.

"అట్టయితే జనం ఎందుకు రారు పిన్నీ?" అంది ఆమె.

బండికి కట్టిన ఫ్లెక్సీ వైపు చూశాను. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాను. 'షుగర్ పేషెంట్లకు ప్రత్యేకం' అని పెద్ద అక్షరాల్లో ఉంది.

"ఇదెవరు పెట్టమన్నారమ్మాయ్?"

"మా ఆయనే. కాలనీలో చానామందికి షుగరుందంట గదా, ఎగబడి కొంటారన్నాడు."

అదే జరిగిన పొరపాటు. షుగరు ఉన్నవాళ్ళు మా కాలనీలో ఎంతమందో నాకూ తెలుసు. కానీ ఆ బండి ముందు నిలబడితే ఊరందరికీ దండోరా వేసినట్టే గదా. పెళ్ళీడు పిల్లలున్న ఇంటివాళ్ళయితే ఆ వైపు తల కూడా తిప్పరు. కొందరు చీకటి పడ్డాక ఆటో అతన్ని పంపి తెప్పించుకునేవారట. కొందరు నల్ల కవరులో పెట్టి ఇమ్మనేవారట. "బ్రాందీ షాపులో గూడా ఇంత దాపరికం లేదు పిన్నీ" అని ఆమె నవ్వింది. నవ్వి, రొట్టె తిరగేసి, మెల్లగా అసలు సంగతి చెప్పింది.

వాళ్ళది పిడుగురాళ్ళ. భార్యాభర్తలిద్దరూ సున్నపు బట్టీల్లో పనిచేశారు. భర్త ఊపిరితిత్తులు ఆ దుమ్ముకే పాడైతే, ఆ పని వదిలేసి ఇక్కడికి వచ్చారు. బండి నడవకపోతే ఆమె ఒక్కతే మళ్ళీ బట్టీకి పోవాలి. "బట్టీ మేస్త్రీ నెలాఖరుకి వస్తానన్నాడు. రమ్మంటే పోతా. ఏం జెయ్యమంటావ్" అంది. భర్త వెల్లుల్లి మీద నుంచి తల ఎత్తలేదు.

"బోర్డు పీకెయ్యమ్మాయ్" అన్నాను.

"ఆయన ముచ్చటపడి రాయించాడు పిన్నీ. నేనెట్టా పీకేది?" అంది గొంతు తగ్గించి.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను, ఏదో ఊళ్ళో సంగతి చెప్పినట్టు. ఆయన అన్నం కలుపుతున్నవాడల్లా చెయ్యి ఆపాడు.

"ఏ బట్టీ అంట?"

"ఏదైతే ఏంది, సున్నం బట్టీ."

"ఆ బట్టీల్లో మన లారీ ఎన్నిసార్లు లోడుకు పెట్టలేదు. నేను అద్దాలు బిగించుకుని క్యాబిన్లో కూర్చునేవాణ్ణి. ఆడోళ్ళు నోటికి కొంగు కట్టుకుని ఎత్తిపోసేవాళ్ళు. కనురెప్పల మీద గూడా తెల్లగా ఉండేది" అన్నాడు. మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

మర్నాడు సాయంత్రం ఎప్పటిలాగే బయలుదేరాం. బజ్జీలతను "బాబాయ్" అని పిలిచాడు. మా ఆయన చెయ్యి ఊపి ముందుకు నడిచాడు. పునుగులు దాటాడు, పకోడీ దాటాడు. ట్యాంకు దగ్గరికి పోయి, స్టూలు రోడ్డు వైపుకు లాక్కుని, పంచె సర్దుకుని కూర్చున్నాడు. సరిగ్గా ఆ ఫ్లెక్సీ కింద.

"అమ్మాయ్, వేడివేడిగా ఒకటెయ్యి" అన్నాడు, లారీ స్టాండులో కేకేసినట్టు.

పోయేవాళ్ళు చూస్తున్నారు. సిమెంటు కొట్టు నడిపే అతను స్కూటరు ఆపాడు. మా ఆయనకు బజ్జీల బండి దగ్గర రోజూ జత అతనే.

"ఏంది బాబాయ్, నీకూ వచ్చిందా?"

నేను నేల చూపులు చూశాను.

"వచ్చింది" అన్నాడు మా ఆయన, రొట్టె తుంచి పచ్చడిలో అద్దుతూ. "చానా కాలమైంది. నీకు రాలేదా?"

"నాకెందుకొస్తదిలే."

"సూపిచ్చుకున్నావా?"

"లేదు."

"మరి ఊరికే మాట్లాడతావేందిరా. ముందు పోయి సూపిచ్చుకో. అందాకా ఇది తిను. షుగరున్నోళ్ళకే పెట్టాలని ఏం లేదు. ఏమ్మా, లేనోడికి పెడతావా?"

"పెడతా బాబాయ్. పచ్చడే కాస్త ఎక్కువడుగుతారు వాళ్ళు" అంది ఆమె.

అతను నవ్వాడు. స్కూటరుకు స్టాండు వేశాడు. మా ఆయన పక్కన నిలబడే రెండు రొట్టెలు తిన్నాడు. ఉల్లిపాయ ఇంకొంచెం అడిగాడు.

ఒక్కరోజులో ఊరు మారిపోయిందని చెప్పను. కొన్నాళ్ళు చాలామంది దూరం నుంచే చూశారు. కిరాయిల దగ్గర ఇద్దరు ముగ్గురు మా ఆయన ఆరోగ్యం గురించి అడిగారు. ఆయన ఇంటికొచ్చి చిరాకుపడ్డాడు కూడా. కానీ మర్నాడు సాయంత్రం మళ్ళీ పోయి అక్కడే కూర్చున్నాడు. ఆయన కూర్చున్నచోట ఇంకొకరు కూర్చోవడానికి భయం తగ్గింది. మగవాళ్ళ తర్వాత ఆడవాళ్ళు వచ్చారు. ఎవరికి షుగరు ఎంతుందో అక్కడే మాట్లాడుకోవడం మొదలైంది. ఏం తింటే ఎంత పెరిగిందో, ఏ పూట ఏం మానేశారో, తలా ఒక మాట. వంటింట్లో పక్కింటావిడతో కూడా అనని మాటలు రోడ్డు మీద, ఎంగిలి చేత్తో నిలబడి అనడం నాకు వింతగానే అనిపించేది. రోగం కంటే దాన్ని దాచిపెట్టుకోవడానికే మనిషి ఎక్కువ అలసిపోతాడేమో అనుకుంటాను.

నెలాఖరుకు మేస్త్రీ మోటారుసైకిలు మీద రానే వచ్చాడు. మేము అక్కడే ఉన్నాం. ఆమె పెనం ముందు నుంచి లేవలేదు. ఆమె చుట్టూ జనం ఉన్నారు.

"ఏమ్మా, ఎల్లుండి నుంచి వస్తావా?" అన్నాడతను.

"కూర్చో అన్నా, దూరం నుంచొచ్చావ్" అని ఆమె ఒక రొట్టె కాల్చి అతని చేతికి ఇచ్చింది. అతను తిన్నాడు. పచ్చడి రెండోసారి వేయించుకున్నాడు. ఆమె ఇంకో ముద్ద తీసి తట్టడం మొదలుపెట్టింది. అతను కాసేపు ఆ చేతుల వైపే చూసి, చెయ్యి కడుక్కుని, ఆమె భర్త భుజం మీద ఒకసారి తట్టి, బండి తిప్పుకుని పిడుగురాళ్ళ దారి పట్టాడు.