పక్కటెముక మీది కాయ

మా మామకు ఒక ఎద్దు ఉండేది. మామ అంటే అమ్మకు సొంత అన్న, కోసిగి పక్కన పల్లెలో ఉంటాడు. సరిహద్దు దాటి కన్నడ ఊళ్ల జాతరకు పోయి దాన్ని కోడెదూడగా కొని తెచ్చాడు. పుస్తకాల్లో హళ్ళికార్ అని రాసే జాతి, మా వైపు మైసూరెద్దు అంటారు. బూడిద రంగు, వెనక్కి వంగిన కొమ్ములు, బిగువైన కాళ్లు.

ఒక ఏడు అది పూడిపోయిన బావి గుంతలో పడి పక్కటెముక విరగ్గొట్టుకుంది. ఆ ఏడు పల్లెలో సగం మంది మిరపకాయల కోతకని గుంటూరు వైపు సుగ్గి కూలికి పోతే మామ పోలేదు. దాని పక్కనే కూర్చుని ఆకు పసరు కట్టాడు, నోటికి గడ్డి అందించాడు. ఎముక అతుక్కుంది గానీ అతుకు మీద ఉసిరికాయంత కాయ నిలిచిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల చెయ్యి పట్టుకుని ఆ కాయ మీద పెట్టించేవాడు. "చెయ్యి పెట్టి చూడు" అనేవాడు. నా చేత కూడా ఎన్నోసార్లు పెట్టించాడు.

తర్వాత దాని జత ఎద్దు చచ్చిపోయింది. ఒంటి ఎద్దుతో సేద్యం సాగదు, ట్రాక్టరు పిలవక తప్పదు. గడ్డి లేని వేసవిలో మామ దాన్ని సంతకు తోలాడు.

మేము ఎద్దు మాంసం తినేవాళ్లం. అయితే దున్నినవాడు తాను దున్నిన ఎద్దును తినడు. అందుకే అమ్మేటప్పుడు పగ్గం విప్పుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. దూరం తోలుకుపొమ్మని దళారి చేత ఒట్టు వేయించుకుంటారు. మా పేటలో మాంసం కోసి పోగులు పెట్టే పెద్దాయన ఆ పశువు ఎవరి కొట్టంలోదో ముందే విచారించేవాడు. ఆ ఇంటికి పోగు పంపడు. మిగతావాళ్లకు చెప్పడు, వాళ్లూ అడగరు. ఎవరూ నేర్పకపోయినా మాకందరికీ తెలిసిన మర్యాద ఇది.

నేను ఇంటర్ తప్పినవాణ్ణి. నా చదువంతా మండలంలోని శాఖా గ్రంథాలయంలో జరిగింది. ఫ్యాను తిరగని ఆ గదిలో బీరువా వెంబడి బీరువా చదివాను. గండికోట చరిత్ర చదివాను, నేలల రకాలు చదివాను. నక్షత్రాల గురించి ఉన్న ఒకే ఒక్క పుస్తకం మూడుసార్లు చదివాను. మామకు ఇదంతా నవ్వులాట. పెళ్లి పందిట్లో పదిమంది ముందర "మా అల్లుడు ఇంటర్ ఫెయిలు, లైబ్రరీ పాసు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు సంబంధం చూసే వయసు ఆడపిల్లలు కూడా నవ్వారు. ఆ నవ్వు నేను మరచిపోలేదు.

ఆ వేసవిలోనే పశువైద్యం చదివేవాళ్ల లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. అందులో మాంసం గురించి ఒక అధ్యాయమే ఉంది. జెర్సీ రక్తం కలిసిన పశువు కొవ్వు పసుపుపచ్చగా ఉంటుంది. ఒంగోలు జాతికి ఒళ్లు పెద్దది, ఎముక బరువు, కండ నార లావు. మైసూరు జాతి పరుగుకు పుట్టింది, కొవ్వు తక్కువ, కండ సన్నగా బిగిసి ఉంటుంది. అలసిపోయి, బెదిరిపోయి చచ్చిన పశువు మాంసం నల్లబడి జిగటగా ఉంటుంది. పుస్తకం ఇంటికివ్వరు కాబట్టి, అదంతా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.

ఎద్దును అమ్మిన తర్వాత మూడో ఆదివారం మధ్యాహ్నం మామ చెప్పకుండా మా ఇంటికి వచ్చాడు. ఆ పొద్దున్నే మాకు పోగు వచ్చింది. అమ్మ తన అన్న ముందర పళ్లెం పెట్టింది, నా ముందర పెట్టింది.

"ఏం అల్లుడా, ఈ వారం ఏం నమిలినావు? పేపరా, అట్టా?" అన్నాడు మామ.

"మాంసం గురించి చదివినా మామా. ముక్క చూసి ఏ జాతిదో చెప్పొచ్చు."

"ఏ జాతైతే ఏముండాది?" అంది అమ్మ. "ఇంకో మూడు విజిళ్లు పడాల్సింది. గ్యాసు అయిపోతాదని దించేసినా."

అప్పుడే పోగులు పెట్టే పెద్దాయన వచ్చాడు, పొద్దున అమ్మే ఆయన్ని భోజనానికి పిలిచింది. మామను చూసి గడపలోనే ఆగిపోయాడు.

"నువ్వెప్పుడొచ్చినావప్పా?"

"ఇప్పుడే. కూర్చోప్పా. మా అల్లుడు ఎద్దుకు జాతకం చెప్తాండాడు."

"జాతకాలు ఇప్పుడేంటికి? తిననియ్యప్పా పిల్లోన్ని."

నేను వినలేదు. కొవ్వు పచ్చగా లేదు కాబట్టి జెర్సీ కాదన్నాను. కండ నార సన్నం కాబట్టి ఒంగోలు కాదన్నాను. "ఇది మైసూరెద్దు. ముసలిది. శానా ఏండ్లు కాడి మోసింది."

"మైసూరెద్దులు దేశమంతా ఉండాయి" అన్నాడు మామ, ముక్క నములుతూ.

ఎముక చూపించి వయసు చెబుదామని నా పళ్లెంలో వెదికాను. పక్కటెముక ముక్క ఒకటి చేతికొచ్చింది. బొటనవేలి కింద ఉసిరికాయంత కాయ తగిలింది.

నాకు అప్పుడే తెలిసిపోయింది. పెద్దాయన నన్నే చూస్తున్నాడు. "ఒరే నాయనా, దాన్ని పారెయ్యి" అన్నాడు మెల్లగా. పారేయాలనే అనుకున్నాను. చెయ్యి పళ్లెం అంచు దాకా పోయింది కూడా.

"ఏమైంది అల్లుడా?" అని మామ నవ్వాడు. "పేజీ చినిగిపోయిందా?"

ఎముకను మామ ఎడమ అరచేతిలో పెట్టాను.

"చెయ్యి పెట్టి చూడు మామా."

మామ నవ్వు వెంటనే ఆగలేదు. వేళ్లు ఎముక మీద అలవాటుగా కదిలి, కాయ దగ్గర నిలిచిపోయాయి. నోట్లో ముక్క ఉంది. దాన్ని మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గన పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. పెద్దాయన తల వంచుకుని "దళారులు బళ్లారి దాటిస్తామని చెప్పినారంటప్పా. దాటించలేదు. నువ్వీడికొస్తావని నాకు తెలీదు" అన్నాడు.

చాలాసేపటికి మామ ఆ ముక్క మింగాడు.

"ఇంకేం రాసినారు అల్లుడా పుస్తకంలో?" అని అడిగాడు. గొంతులో ఎగతాళి లేదు. "అది ఎట్లా పోయిందో తెలుస్తాదా?"

తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. అమ్మ తలుపు దగ్గర నుంచి వద్దని చెయ్యి ఊపుతోంది.

"కూర నల్లగా ఉండాది కదా మామా. అలసిపోయి, బెదిరి పోయిందని అర్థం."

మామ పళ్లెంలో నీళ్లు పోసి చెయ్యి కడిగాడు. ఎముకను తువ్వాలు కొంగున ముడి వేసుకున్నాడు. లేచి చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు:

"నువ్వు శానా చదివినావు అల్లుడా."

ఆ మాట ఆయన నోటి నుంచి వినాలని నేను చాలా ఏళ్లు ఎదురు చూశాను.

పెద్దాయన కూడా తినకుండానే మామ వెంట వెళ్లిపోయాడు. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. గిన్నెలో మిగిలిన కూరంతా నా పళ్లెంలో బోర్లించి ఎదురుగా నిలబడింది. అయిపోయేదాకా కదల్లేదు. తిన్నాను. అమ్మ చెప్పినట్టే, ఇంకో మూడు విజిళ్లు పడాల్సింది.