కంప్యూటర్లో పట్టని గ్రహణం

మొన్న పౌర్ణమి నాడు గుడియాత్తంలో నా మర్యాద యెట్ల గంగలో కలిసిందో చెప్తా, వినండి. నవ్వాలంటే నవ్వుకోండప్పా, నాకేం కొత్త కాదు. అరటాకు ముందర కూర్చోనుండిన నూట యాభై మంది నవ్వినారు, మీరు నలుగురు నవ్వితే ఏం తక్కువవుతాది?

నేను వేలూరులో కంప్యూటర్ సెంటర్లో మాస్టర్ని గదా. గుడియాత్తంలో మా మామ ఇంట్లోనే ఉండి, దినామూ బస్సులో పోయి, మౌస్‌ని ఎలుక మాదిరి పట్టుకునేవోళ్ళకి పాఠం చెప్పి వస్తా. పోయిన నెల మా ఓనరు సీడీ డ్రైవ్ ఉండే కొత్త మిషన్ కొన్నాడు. దాంతో పాటు ఒక సీడీ వచ్చింది. అందులో ఏముండాది? ఆకాశం! ఏ తేదీ కొడితే ఆ తేదీకి గ్రహాలన్నీ యాడ ఉంటాయో చూపిస్తాది. రాకెట్లో పోయినట్ల చంద్రుడి పక్కన పోయి నిలబడొచ్చు. వారం దినాలు టిఫిన్ బాక్స్ కూడా తెరవకుండా శనిగ్రహం చుట్టూ తిరిగినా. ఎనిమిదో దినానికి నాకు కొమ్ములు మొలిచినాయి. వేలూరు నుంచి నాట్రంపల్లి దాకా నాకన్నా ఆకాశం తెలిసినోడు లేడనుకున్నా.

ఇట్ల ఉండంగా మా మామ గృహప్రవేశం వచ్చింది. మామ మేస్త్రీ. ఇరవై ఏండ్లు ఊరోళ్ళకి ఇండ్లు కట్టి కట్టి, ఇప్పటికి తనకొకటి కట్టుకున్నాడు. పొద్దున హోమం, సాయంత్రం ఆరున్నరకి కొత్త మిద్దె మీద భోజనం.

"నాతో పాటు ఇటుకలు మోసినోళ్ళు పని విడిచి వచ్చేది అప్పుడే. వాళ్ళు కడుపు నిండా తినకుండా నాకేం గృహప్రవేశం?" అన్నాడు మామ.

అడ్డం పడింది మా అవ్వ, అంటే మామకి అమ్మ. గోడకుండే అరవ కాలెండర్ చూసి, "నాయనా, ఆ దినం సాయంత్రం చంద్రగ్రహణం అని వేసినాడు. మధ్యాన్నమే పెట్టేస్తే పోలా?" అనింది.

మామ నా దిక్కు తిరిగి, "రేయ్ అల్లుడా, సదువుకున్నోడివి. నీ కంప్యూటర్లో చూసి చెప్పురా" అన్నాడు.

చూసినా. తేదీ కొట్టినా, టైం కొట్టినా. సూర్యుడు, మధ్యలో భూమి, ఆ పక్క చంద్రుడు. ముగ్గురూ రేషన్ కడ క్యూ మాదిరి ఒకే వరసలో ఉండారు. చంద్రుడు మాత్రం ట్యూబ్‌లైట్ మాదిరి వెలిగిపోతా ఉండాడు! అర్ధ గంట ముందుకి జరిపినా, గంట జరిపినా, ఒక్క మచ్చ లే. వరసలో ఎందుకు నిలబడినారని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే మీకీ కథ ఉండదు. నేను ప్రింటౌట్ తీసుకున్నా.

"గ్రహణం లేదు, గిరహణం లేదు!" అని ఆ కాగితం అవ్వ ముందర ఆడించినా.

"కాలెండర్లో వేసినాడే నాయనా."

"అవ్వా, నీ కాలెండర్ అచ్చేసేది శివకాశిలో. పటాసులు చుట్టేవోళ్ళకి చంద్రుడి గురించి ఏం తెలుసు?"

"పేపర్లో కూడా వచ్చిందంట."

"పేపరోళ్ళు కాలెండర్ చూసి రాస్తారు. ఇది సాఫ్ట్‌వేర్ అవ్వా, సాఫ్ట్‌వేర్!"

అవ్వ కొంగు దోపుకోని వంటింట్లోకి పోయింది. నేను గెలిచినాననుకున్నా. మామ మాత్రం ఊరంతా తిరిగి, "మా అల్లుడు కంప్యూటర్లో చూసినాడు, భయం లేకుండా రాండి" అని పిలిచినాడు.

వచ్చినారు పాపం. సిమెంటు కడుక్కోని, ఉతికిన గుడ్డలు కట్టుకోని, పెండ్లాం బిడ్డల్తో. ఆకులేసినారు. చంద్రుడు కొండ మీద నుంచి లేచినాడు, నిండుగా, ఒక్క గీత లేకుండా. నేను మిద్దె మధ్యలో నిలబడి, "చూసినారా? ఎవరన్నా శివకాశి నుంచి వచ్చినారా?" అని కూడా అడిగినా. అంత పొగరు!

వడలు వడ్డించి సాంబారు దగ్గరికి వచ్చినారు. ఇటుకలు మోసే కుప్పమ్మ చేతిలో వడ పట్టుకోని పైకి చూసింది. చూసి, వడ ఆకులో పెట్టేసింది.

చంద్రుడికి కింద పక్క ఎవరో కొరికినట్ల ఉండాది.

"మేఘం! మేఘం అడ్డొచ్చింది!" అని అరిచినా.

మామ నిదానంగా నా పక్కకి వచ్చినాడు. "మేఘం గుండ్రంగా కోసినట్ల ఉంటాదా రా? ఒక పక్క నుంచి వెలుగొస్తా ఉంటే, మధ్యలో గోడ లేస్తే, అవతల నీడ పడతాది. ఇది నా దగ్గర ఇసక జల్లించేవోళ్ళకి తెలుసు. నీ కంప్యూటర్‌కి తెలీదా?"

తెలీదప్పా! మర్నాడు సీడీలో ఉండే రీడ్‌మీ ఫైలు తెరిచి చదివితే తెలిసింది. సూర్యుడి వెలుగు పడిన పక్క తెల్లగా, పడని పక్క నల్లగా వేసేదొకటే దానికి వచ్చు. ఒకదాని నీడ ఇంకొకదాని మీద వేసేది రాదంట. గ్రహణాలు కనిపించవు అని ఇంగ్లీషులో శుభ్రంగా రాసినాడు. ఆకాశమంతా అమ్ముతాడు గానీ నీడ మాత్రం లేదు, మహానుభావుడు! దాన్ని చదవకుండా ఊరికి చెప్పినోడు ఇంకెంత మహానుభావుడో చూడండి.

ఆ పొద్దు మిద్దె మీద నేను చెవులు పట్టుకునే లోపల నవ్వులు మొదలైనాయి. నవ్వుతానే ఒకరెనక ఒకరు చేతులు కడుక్కోని లేచినారు. వంటాయన అరవంలో, "సార్, రసం ఊత్తట్టుమా?" అని నన్నే అడిగినాడు. ఎవరికి పోస్తావయ్యా రసం? మామ ఖాళీ ఆకుల వరస చూస్తా నిలబడినాడు. అది చూసి నాకు నిజంగా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

అప్పుడు అవ్వ మెట్లెక్కి వచ్చింది. "ఎవరూ ఇండ్లకి పోవద్దండి. ఎనిమిదిన్నరకి విడుస్తాది. తల మీద ఇన్ని నీళ్ళు పోసుకోని రాండి, వేడిగా తిందురు" అనింది.

"అవ్వా, చేసిన అన్నం..."

"సగం బియ్యం ఇంకా నానబెట్టనే లేదు. కూరగాయలు తరిగేది మాత్రం అయ్యింది. పాయసంలో, పెరుగులో పొద్దుననే దర్భ వేసి పెట్టినా."

వంటాయన పండ్లికిలించినాడు. వంటింట్లో ఉండే ఎనిమిది మందికీ ముందే తెలుసు. కంప్యూటర్‌ని నమ్మినోళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే, నేనూ మామా! గ్రహణం విడిచినాక అందరూ తడి తలకాయల్తో వచ్చి రెండోసారి కూర్చున్నారు. కుప్పమ్మ నాలుగు వడలు తినింది. మామ ఒక్కొక్కరి దగ్గరా నిలబడి పాయసం పోయించినాడు. పోయిన ప్రాణం లేచి వచ్చింది నాకు.

అంతటితో విడిచిందా? లే. ఇప్పుడు దినామూ పొద్దున నేను పండ్లు తోముకుంటా ఉంటే అవ్వ వచ్చి నిలబడతాది.

"నాయనా, వేలూరుకి పోతానే కంప్యూటర్లో చూసి ఒక ఫోన్ కొట్టు."

"ఏం చూసేది అవ్వా?"

"తెల్లారిందా లేదా అని."