పాట ఎత్తని ఆదివారం

ఆస్పత్రి లాండ్రీలో మిషన్ల హోరును మించి అరిచీ అరిచీ ఆమె గొంతు గంటలా తయారైందంటారు. అందుకే అందరికీ ఆమె గంటమ్మ. చర్చిలో మైకు పాడైనా ఎవరూ కంగారు పడరు. గంటమ్మ పల్లవి ఎత్తుతుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఆమె ఎత్తందే ఆ సంఘంలో పాట లేదు.

అంత గొంతూ పాస్టరు అయ్యగారి ముందు మాత్రం పిల్లి అయిపోయేది. దైవసేవకుణ్ణి మాటంటే దేవుణ్ణి అన్నట్టేనని తల్లి నేర్పింది. పాటల సాధనకి ఇక వెళ్ళనని చెల్లెలి కూతురు ముడుచుకుని పడుకున్న రోజుదాకా ఆ మాట నమ్మింది కూడా. సాధన అయ్యాక అయ్యగారు తననొక్కదాన్నే ఆపి, ప్రార్థన పేరుతో ఎక్కడెక్కడ చేతులు వేశాడో ఆ పిల్ల చెబుతుంటే గంటమ్మ చివరిదాకా వింది. ఆ పూట నుంచి ఆమెకి అయ్యగారు ‘వాడు’ అయిపోయాడు.

సంగతి తెలిసి సంఘపెద్ద ఇంటికొచ్చాడు.

“అక్కా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆయన్ని ఆదివారం వేరే సంఘానికి పంపించేస్తున్నాంగా! పిల్ల పేరు ఎక్కడా ఎత్తకు. వీడ్కోలు పాట ఎత్తు, చాలు.”

“ఆ సంఘంలో ఆడపిల్లలు లేరా తమ్ముడూ?”

అతను టీ ముట్టకుండానే లేచాడు.

శనివారం గంటమ్మ చెల్లెల్నీ పిల్లనీ వెంటబెట్టుకెళ్ళి పోలీసులకు ఫిర్యాదు ఇప్పించింది. దారిలో పిల్ల అడిగింది: “రేపు చర్చిలో నా పేరు చెప్తావా పెద్దమ్మా?”

“చచ్చినా చెప్పను. వాడి పేరే చెప్తా.”

ఆదివారం అయ్యగారి మెడలో పెద్ద దండ. ఆయన్ని తీసుకెళ్ళడానికి కొత్త సంఘం నుంచి ఒక టీచరమ్మ వ్యాను తెచ్చుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. సంఘపెద్ద సైగ చేశాడు. గంటమ్మ లేచింది. జనం పాటల పుస్తకాలు తెరిచారు.

“ఇవాళ పాట లేదు,” అంది. అయ్యగారి వైపు వేలు చూపింది. “వీడు మన పిల్ల మీద చెయ్యి వేశాడు. పోలీసులకు చెప్పాం. మీకూ చెప్తున్నా.”

అయ్యగారు గభాలున కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి దిగారు. పాలు తాగే పిల్లికి కూడా అంత భక్తి ఉండదు.

“అబద్ధం!” సంఘపెద్ద గట్టిగా అరిచాడు. “ఏ పిల్లో చెప్పు! అలాంటిదేదైనా జరిగితే మాకు తెలియదా?”

“తెలియకపోతే ఆ పిల్ల పేరు ఎత్తొద్దని మా ఇంటికెందుకొచ్చావు తమ్ముడూ?”

టీచరమ్మ లేచి నిలబడింది. అయ్యగారి వైపు చూడనైనా చూడలేదు. సంఘపెద్దనే అడిగింది.

“మీకు తెలిసే మా పిల్లల దగ్గరికి పంపుతున్నారా?”

అతను జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. టీచరమ్మ నేరుగా బయటికి నడిచి, అయ్యగారి పెట్టెలు సర్దుతున్న డ్రైవరుతో అంది: “అవన్నీ దించెయ్ బాబూ. మనం ఖాళీగానే వెళ్తున్నాం.”