మోటరు చుట్టనన్న చాచా

ఎల్లారెడ్డిలో కాలిన మోటర్లకు రాగితీగ చుట్టే చాచా మొన్న శుక్రవారం తెల్లవారుజామున పోయాడు. యూరియా కోసం కామారెడ్డి బస్సెక్కినవాడిని, పక్క సీటాయన చెప్పగా విని, దారిలోనే దిగి వెనక్కి వచ్చాను. నిజానికి ఆయన నాకన్నా రెండేళ్లు చిన్న. అయినా ఊరంతా చాచా అంటుంటే నేనొక్కడినే పేరు పెట్టి పిలవడం ఏం బాగుంటుందని నేనూ చాచా అనే అన్నాను.

కాలిన మోటరు తీసుకెళ్తే ముందు మామిడిపండును చూసినట్టు వాసన చూసేవాడు. జుక్కల్ వైపు నుంచి వచ్చినవాళ్లను మరాఠీలో తిట్టేవాడు, మమ్మల్ని తెలుగులో. ఉర్దూ మాత్రం మోటర్లకే దాచుకున్నాడు. వాటితో మహా మర్యాదగా మాట్లాడేవాడు.

అసలు సంగతికి వస్తాను. ఎనభైల్లో ఒక యాసంగి. మా పొలాలకు ఒకటే ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద పదకొండు బోరు మోటర్లు. కరెంటు రాగానే అందరం ఒక్కసారే వేసేవాళ్లం. వోల్టేజీ పడిపోయేది. మోటర్లు మూలిగి మూలిగి కాలిపోయేవి. ఆ యేడు నాది రెండోసారి కాలింది. వరి పొట్ట మీద ఉంది. నీళ్లు తప్పితే గింజంతా తాలే. మోటరును బండిలో వేసుకుని ఉరికాను.

వాసన చూసి పక్కన పెట్టాడు.

"నేను చుట్టను పటేలా."

"ఏంది చాచా, మజాకా?"

"మజాకా గాదు. ఇయ్యాల చుడితే ఎల్లుండి మళ్ల కాల్చుకొస్తవ్. పదకొండు మంది కలిసి రాండ్రి, అప్పుడు చుడుత."

మోటర్లు కాలితేనే ఆయన ఇంట్లో పొయ్యి వెలిగేది. అలాంటివాడు ఈ మాట అంటాడా! తిట్టుకుంటూనే రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. తొమ్మండుగురు ఒప్పుకున్నారు. పక్క పొలం మా పెద్దనాన్న కొడుకు మాత్రం మొండికేసి, కొట్లాడటానికే వస్తున్నానని చెప్పి మరీ బండెక్కాడు.

చాచా దుకాణం ముందు బండ మీద సుద్దతో గీతలు గీశాడు. కరెంటు ఉండే గంటలు మూడు వంతులు. వంతుకు నాలుగు మోటర్లు, ఆఖరి వంతుకు మూడు. వచ్చే యేటి నుంచి సగం పొలంలోనే వరి, తక్కినదాంట్లో జొన్న, శనగ.

"నా బోరు, నా మోటరు. నడుమ నువ్వెవనివి?" అన్నాడు మా అన్న.

"బోరు నీదే పటేలా. భూమి కింద నీళ్లకు నీ గట్టు ఎర్కనా? కాలిన మోటరు నేను చుడుత. ఎండిన పంటను ఎవడు చుడుతడు?"

అన్న వంగి ఆ గీతల్లో తన వంతు ఎక్కడుందో చూసుకున్నాడు. "జొన్నరొట్టె తినక శానా దినాలైతుంది తియ్," అన్నాడు.

మరునాటికి మోటరు చుట్టి ఇచ్చాడు. నా వరి సగం దక్కింది. వంతులు ఇన్నేళ్లూ నిలిచాయి. తప్పినవాడి మోటరు చాచా చుట్టడు, అంతే. ఇప్పుడు ఎల్లారెడ్డిలో అలాంటి దుకాణాలు ఇంకో నాలుగున్నాయి. అక్కడ వంతు తప్పావా అని ఎవరూ అడగరు.

ఖబరస్తాన్‌లో మన్ను వేసి ఇంటికొచ్చాను గానీ కాలు నిలవలేదు. పొలానికి పోయాను. కరెంటు వచ్చింది. వంతు మా అన్నది, నాది కాదు. నా మడి నెర్రెలిచ్చి ఉంది. స్టార్టర్ డబ్బా తెరిచి పచ్చ బొత్తం మీద వేలు పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను. అవతల అన్న పైపులోంచి నీళ్లు మోచేతి లావున దుముకుతున్నాయి. నేను నొక్కితే ఆ ధార సన్నబడుతుంది. డబ్బా మూసి, ఆయన వంతు అయిపోయేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను.