టీచరమ్మకు లెక్క తెలియని రోజు

నా చిన్నప్పుడు, అంగన్‌వాడీలాంటి బాల్వాడిలో నన్ను వేసి అప్పటికి పదో రోజు, దాని గుమ్మంలో మా అమ్మ కొంగు పట్టుకుని వేలాడుతున్నాను. లోపలినుంచి టీచరమ్మ తమిళంలో పిలుస్తోంది. నేను పెదవి కదపడం లేదు. మూగదాన్నేం కాదు, ఇంట్లో నా వాగుడు భరించలేకపోయేవాళ్లు! తమిళనాడులో మా చిన్నమనూరు వీధిలో నాలుగే తెలుగిళ్లు. బయటివాళ్లు గడప తొక్కితే చాలు, మా పెద్దవాళ్లు టక్కున తమిళంలోకి మారిపోయేవారు. అది చూసి చూసి, తెలుగు బయట మాట్లాడకూడదని గట్టిగా నమ్మేశాను. తమిళమా, ఇంకా రాదు.

ముందురోజు సాయంత్రం మా అవ్వ తేల్చేసింది. "అయిదేండ్లు నిండినాక బడికి పోతాది. ఇప్పుడేంటికే దీనికి ఈ కష్టం? నిలిపెయ్యి."

"నిలిపేస్తే ఎవరు చూస్తారత్తా? మందు కొట్టే తోటకు ఎత్తుకోని పొయ్యేదా?" అంది అమ్మ.

అవ్వకు చూపు ఆనదు. నేను ఇంట్లో ఉంటే అమ్మ ద్రాక్షతోట పని మానుకోవలసిందే. చివరికి ఇంకొక్క రోజు చూద్దామనుకున్నారు.

ఆ రోజు టీచరమ్మ నన్ను బతిమాలలేదు. ఉడికించిన గుడ్ల గిన్నె నా ముందు పెట్టి, వేలితో చూపిస్తూ తెలుగులో మొదలుపెట్టింది. "ఒకటి... రెండు... అయిదు..."

అందరి ముందు, తెలుగు! అదీ తప్పుగా! ఇక ఆగలేకపోయాను.

"మూడు! రెండైనాక మూడు గదా, ఇది గూడా తెలీదా నీకు?" అని అరిచేశాను.

టీచరమ్మ చెంపలు వేసుకుని "మూడు" అంది. వెంటనే తమిళంలో "మూణు" అంది. నేనూ "మూణు" అన్నాను. గుడ్లు పంచేలోపు పది దాకా వచ్చేశాను.

ఆ అంకెలు టీచరమ్మ ముందురోజే మా అమ్మ దగ్గర నేర్చుకుందని, తప్పు కావాలనే చెప్పిందని చాలా ఏళ్లకు తెలిసింది. ఇప్పుడు నా కూతురు కూడా బాల్వాడికే వెళుతోంది. వ్యాను, టై ఉన్న నర్సరీలో వెయ్యవే అని చుట్టాలు పోరినా నేను బెదరలేదు. పిల్ల నోరు విప్పాలంటే ముందు పెద్దవాళ్లు పిల్ల భాషలో ఓ తప్పు చెయ్యడానికి సిగ్గుపడకూడదు. అది తెలిసినవాళ్లు ఎక్కడుంటే అదే మంచి బడి.

ఇక అప్పట్లో, ఆ గుడ్ల రోజుకు మర్నాడు పొద్దున్నే, పక్కనున్న తెలుగింటికి పరుగెత్తాను. నాలాగే నోరు విప్పదని వాళ్లు ఇంట్లోనే ఉంచేసిన పిల్ల చెయ్యి పట్టుకుని బాల్వాడికి లాక్కెళ్లాను.

"భయపడొద్దే," అన్నాను దారిలో, "టీచర్‌కు పాపం ఏమీ తెలీదు. మనమే నేర్పియ్యాల."