లాభం అంటే లేదని కాదు

ఒకటిని ఒకటి అనడానికి స్వర్ణలతకు నోరు రాదు. బోయిన్‌పల్లి మార్కెట్లో నాన్న నిమ్మకాయలు లెక్కబెట్టి సంచిలో వేస్తుంటే పక్కన కూచుని పెరిగిన మనిషి. మొదటి కాయకు "లాభం", తర్వాత రెండు, మూడు. అమ్మేవాడి నోట తొలిమాట శుభంగా ఉండాలని నాన్న అలాగే లెక్కబెట్టేవాడు. నాన్న పోయాడు, కొట్టూ పోయింది, ఆ మాట మాత్రం ఆమె నాలుక మీద ఉండిపోయింది.

ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో ఓ చిన్న ఆఫీసులో ఆమె లెక్కబెట్టేది నిమ్మకాయలను కాదు, సీల్ జంతువులను. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం గడ్డకట్టిన చోట విమానంలోంచి తీసిన ఫోటోలు వస్తాయి. తెల్లటి మంచు మీద నల్లటి చుక్కల్లా పడుకుని ఉంటాయవి. చూపు తెర మీంచి కదలకూడదని ఆమె చూసి పైకి చెబుతుంది, పక్కన రోనాల్డ్ టైపు చేస్తాడు. ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు, చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు హాస్టళ్ళలో చదివినవాడు.

ఆ రోజు టిఫిన్ డబ్బా మూత తీస్తూ అతను మామూలుగానే అడిగాడు. "అక్కా, కొన్ని ఫోటోలు చూడంగనే లాభం లేదని గట్ల ఎందుకు విసుక్కుంటవ్? ఏం లేదను చాలు, నేను సున్న కొడతనే ఉన్న గదా."

"లాభం లేదని నేనెప్పుడన్న?"

"లాభం అని ఊకుంటవ్ గదా. మిగతాది నేనే సమజ్ చేసుకున్న."

స్వర్ణలత చేతిలోని ముద్దను డబ్బాలోనే వదిలేసింది. లాభం, రెండు, మూడు అన్నప్పుడు అతను మూడే కొట్టాడు, అది సరిగ్గానే ఉంది. ఒంటరిగా ఒక్క సీల్ పడుకున్న ఫోటోలన్నిటికీ సున్న పడింది.

ఇద్దరూ మేనేజర్ సత్యదేవ్ దగ్గరికి వెళ్ళారు. తప్పు మాదే, ఆ ఫోటోలు మళ్ళీ చూస్తామన్నారు. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

"లెక్క పంపించేసినం గదా మేడమ్. ఫోటోలు ఇచ్చినోళ్ళు సుత ఓకే అన్నరు. గుంపులన్నీ లెక్కల వచ్చినయ్. ఒక్కొక్కటి పోతే ఏమైతది?"

ఏమవుతుందా? మంచు కరిగిపోతున్న చోట ఎన్ని ప్రాణాలు మిగిలాయో తెలుసుకోవడానికే కదా ఆ విమానాలు ఎగిరేది. గుంపులో లేకపోతే లేనట్టేనని ఈయనకు ఎవరు చెప్పారు? ఏసీ గదిలో కూచుని, కళ్ళ ముందు కనబడుతున్న ప్రాణిని లేదని రాసి సర్దుకుపొమ్మనడానికి ఎంత గుండె ఉండాలి.

"మళ్ళీ తెరిస్తే తప్పు మీ పేరు మీదనే రాస్త," అన్నాడు సత్యదేవ్. "తర్వాత మీ నౌకరీ ఉంటదో లేదో నేను చెప్పలేను."

స్వర్ణలత కోపం ఆపుకోలేదు. "రాయండి సార్. ఇంట్ల నేనొక్కదాన్నే ఉంట. మొన్న ఇంటింటికి లెక్కకొచ్చినోళ్ళు తాళం చూసి, ఎవరు లేరని రాసుకొని పోయిన్రు. మళ్ళ రాయించుకునేటందుకు ఎంత తక్లీఫ్ పడ్డనో నాకు తెలుసు. నేనంటే పోయి అడిగిన. ఆ సీల్ వచ్చి మిమ్మల్ని అడగలేదు గదా."

వచ్చి తన కుర్చీలో కూచుంది. కొత్త ఫోటోలు తెరవలేదు. రోనాల్డ్ కీబోర్డు పక్కకు నెట్టి చేతులు కట్టుకున్నాడు. సాయంత్రం దాకా చూసి, సత్యదేవ్ గొణుక్కుంటూనే పాత ఫోటోలు తెరిపించాడు, తప్పు ఆమె పేరు మీద రాసి మరీ.

మొదటి ఫోటో నిండా మంచే. ఓ మూలన, పగులు పక్కన, ఒక్క చుక్క.

"లాభం," అంది స్వర్ణలత, మేనేజర్ గది దాకా వినబడేలా.

రోనాల్డ్ ఒకటి నొక్కాడు.